వారోత్సవం: ఎనిమిదోనాటి ప్రశ్న

2025 జనవరిలో, సంక్రాంతికి ముందు రోజుల్లో, మా ఆత్రేయపురం కాలువగట్టుమీద జనంతోపాటు నేనూ నిలబడ్డాను. కాటన్ దొర పేరుతో పడవ పందాలు జరిగినవి. దాళ్వా నీటితో నిండుగా పారుతున్న కాలువలో పొడుగాటి డ్రాగన్ పడవలు దూసుకుపోతుంటే, తెడ్లన్నీ ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా మునుగుతుంటే, గట్టుమీద జనం కేకలు వేశారు. నేనూ వేశాను. ఈత పందాలూ, ముగ్గుల పోటీలూ, గాలిపటాలూ కూడా ఉన్నవి. ఊరికి కళ వచ్చిందన్నారు. వచ్చినమాట నిజమే.

ఈ సంగతి ముందుగానే ఒప్పుకోవడానికి కారణం ఉన్నది. ఉత్సవాలను గురించి అభ్యుదయ రచయిత ఎవరైనా నోరు విప్పితే, “వీడికి నవ్వడం రాదు, నవ్వేవాళ్ళను చూస్తే ఓర్వలేడు” అనడం మనవాళ్ళకు అలవాటయింది. నాకు నవ్వడం వచ్చు. పండగ వద్దనే మూర్ఖత్వం నాకు లేదు. నా ప్రశ్న వేరు. ఉత్సవం ముగిసి, పందిళ్ళు విప్పి, కుర్చీలూ దీపాలూ లారీలకెక్కించిన తరవాత, ఎనిమిదోనాడు ఆ ఊళ్ళో ఏమి మిగిలింది? ఒక కొత్త పాట మిగిలిందా? ఒక కొత్త నాటకం మిగిలిందా? ఒక పిల్లవాడు మద్దెల పట్టడం నేర్చుకున్నాడా? ఒక కళాకారుడి ఇంటికి రెండు నెలల గ్రాసం చేరిందా? లేక సెల్‌ఫోన్లలో బొమ్మలూ, గట్టుమీద ప్లాస్టిక్ గ్లాసులూ మాత్రమే మిగిలినవా?

ఈ ప్రశ్న మా ఒక్క ఊరిది కాదు. 2025 దసరాకు బెజవాడలో సెప్టెంబరు 22 మొదలు అక్టోబరు 2 వరకు ‘విజయవాడ ఉత్సవ్’ అనే పేరుతో నగరమంతా వేదికలు వెలిసినవి. పున్నమి ఘాటులో ఒకటి, గొల్లపూడిలో ఒకటి, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఒకటి. సంగీతం, నృత్యం, నాటకం, సినిమా పాట, వ్యాపార ప్రదర్శన, ఆఖరునాడు ఊరేగింపు. అన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చినవి. నగరం చేసినదాన్ని పట్నం చేస్తుంది, పట్నం చేసినదాన్ని పల్లె చేస్తుంది. నేడు గోదావరి జిల్లాల్లో ఏ మాత్రం పేరున్న ఊరికయినా ఒక వారోత్సవం కావాలి. కాదంటే మూడురోజుల ఉత్సవమయినా కావాలి. అందులో తప్పు లేదు. అయితే ఈ వారోత్సవాలకు ఒక మూస ఏర్పడింది. ఆ మూసనుగురించే నా తగాదా.

ఆ మూస పాఠకులకు తెలియనిది కాదు. సాయంకాలం ఆరుగంటలకని ప్రకటించిన సభ ఎనిమిదింటికి మొదలవుతుంది. అతిథి కారు దిగిన చోటినుంచి వేదికదాకా డప్పులవాళ్ళూ, గరగలవాళ్ళూ ముందు నడిచి తీసుకువస్తారు. వేదిక మెట్ల దగ్గర డప్పు ఆగిపోతుంది. డప్పు వేదిక ఎక్కదు. తరవాత జ్యోతి, శాలువాలు, ఉపన్యాసాలు. ఆపైన పదేళ్ళ ఆడపిల్లలు ఒక కూచిపూడి అంశం చేస్తారు. దాని వెంటనే సినిమా పాటలు, వాటికి చిందులు, మధ్యమధ్య వ్యాఖ్యాత జోకులు. ఆకాశంలో డ్రోన్ తిరుగుతూ ఉంటుంది. జనం వేదికవంక చూడడం మానేసి ఎల్‌ఈడీ తెరమీద తమ మొహం ఎప్పుడు పడుతుందా అని చూస్తారు. మర్నాడు పత్రికలో ఎంత జనం వచ్చారో ఉంటుంది. ఏమి విన్నారో ఉండదు.

ఒక్క మాటలో చెబుతాను. ఈ మూసలో కళాకారుణ్ణి కనబడడానికి పిలుస్తారు, ప్రజలను లెక్కకోసం పిలుస్తారు.

ఇది నేను కల్పించిన సూత్రం కాదు. నాకు ఒక వృద్ధ కళాకారుడు నేర్పిన పాఠం. కొన్నేళ్ళ కిందట గోదావరి ఒడ్డున ఒక పట్నంలో ఇటువంటి వారోత్సవమే జరిగింది. ఆ పట్నం పేరూ, నిర్వాహకుల పేరూ చెప్పను. పేరు మార్చి మరొక పట్నం పేరు పెట్టినా కథ మారదు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి, ఒక జానపద కళాబృందాన్ని తీసుకురమ్మని నన్ను అడిగారు. నాకు తెలిసిన బుర్రకథ దళం ఒకటి ఉన్నది. కథకుడికి డెబ్భైయేళ్ళు దాటినవి. వంతలిద్దరూ ఆయన బంధువులే. అల్లూరి సీతారామరాజు కథ రెండున్నర గంటలు చెప్పగలరు. గంటలో ముగించవలసి ఉంటుందని నేను ముందే చెప్పాను. “ఫర్వాలేదు మేష్టారూ, మంప దాకా లాక్కెళ్ళిపోతాను” అన్నాడాయన.

వేదిక ఎక్కేముందు గంట అరగంట అయింది. ఎక్కిన తరవాత అరగంట పావుగంట అయింది. తంబురా భుజాన వేసుకుని, అందెలు చేతికి తొడిగి, ప్రార్థన ముగించి, కథ ఎత్తుకుని, చింతపల్లి ఠాణామీది దాడి దగ్గరకు వచ్చేసరికి ముఖ్య అతిథి వచ్చాడు. మైకు ఆగింది. ముందు వరసల వెనక నేలమీద కూర్చున్న జనంలోనుంచి “కథ కానీయండి, కానీయండి” అని కేకలు వచ్చినవి. ఆ కేకలు నేను నా చెవులారా విన్నాను. నిర్వాహకులూ విన్నారు. అయినా దళాన్ని పక్కకు జరిపి, ముగ్గురికీ శాలువాలు కప్పి, అతిథి మధ్యన నిలబడగా ఫోటో తీయించి, దింపివేశారు. తరవాత ట్రాకు పెట్టుకుని ఒక కుర్రవాడు సినిమా పాట పాడాడు.

ఆటో ఎక్కేముందు నేను క్షమాపణ చెప్పబోయాను. ఆయన అందెలు విప్పి సంచిలో పెట్టుకుంటూ, “మీ తప్పేముంది మేష్టారూ! మమ్మల్ని కథ చెప్పమన్లేదు. కనపడమన్నారు. కనపడ్డాం” అన్నాడు.

సాహిత్య విమర్శ గ్రంథాలు చాలా చదివాను. ఈ కాలపు సాంస్కృతిక పరిస్థితిని ఇంత క్లుప్తంగా చెప్పిన విమర్శకుడు నాకు తారసపడలేదు.

ఇక రెండోమాట, ప్రజలను లెక్కకోసం పిలవడం. పడవ పందాలనాడు మా ఊరు ఊరంతా గట్టుమీదే ఉన్నదని నేను అనుకున్నాను. పండగ సెలవులయిన తరవాత మా కాలేజీలో ఒక విద్యార్థినిని, “మీ అమ్మగారు పందాలు చూశారా?” అని అడిగాను. ఆమె తల్లి పూతరేకులు తీస్తుంది. “లేదండి. పండగ కదండి, ఆర్డర్లెక్కువ. పొయ్యి దగ్గర్నించి లేవడానికి లేదండి” అన్నది.

పూతరేకు తినని తెలుగువాడు ఉండడు. దాన్ని తీయడం చూసినవాళ్ళు తక్కువ. ప్రత్యేకంగా చేయించిన కుండను పొయ్యిమీద బోర్లించి, కింద కొబ్బరాకు మంటపెట్టి, పలుచని బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి ఆ వేడి కుండమీద ఒక్క ఊపున పరిచి లాగుతారు. క్షణంలో రేకు లేస్తుంది. ఆ ఊపు తప్పితే రేకు చిరుగుతుంది, లేదా చేయి కాలుతుంది. పొగలో, సెగలో గంటల తరబడి ఈ పని చేసేది ఆడవాళ్ళే. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకందరికీ గర్వంగానే ఉన్నది. అయితే పేరుకు హక్కు వచ్చింది సరే, రేకు తీసిన చేతికి ఏ హక్కు వచ్చింది? ఏ ఉత్సవంలోనయినా అంగడిమీద ఆమె చేసిన రేకు ఉంటుంది. జనంలో ఆమె ఉండదు. వేదికమీద ఆమెను గురించిన పాట అంతకంటె ఉండదు. ఆమెకు ఉత్సవమంటే ఓవర్‌టైము.

ఇక్కడ నా ప్రత్యర్థులు లేచి నాలుగు అభ్యంతరాలు చెబుతారు. నేను వాటిని తప్పించుకుపోదలచలేదు.

మొదటి అభ్యంతరం: “ప్రజలు కోరేది ఇదే. మీ బుర్రకథ ఎవరికి కావాలి?” ఈ వాదం చేసేవాళ్ళు ప్రజలను ఎన్నడు అడిగారు? “కానీయండి” అని అరిచినవాళ్ళు ప్రజలు కారా? అభిరుచి ఆకాశంనుంచి ఊడిపడదు. దాన్ని తయారుచేస్తారు. పెట్టుబడి ఎటు పోతుందో, వెలుతురు ఎవరిమీద పడుతుందో, మంచి సమయం ఎవరికి దొరుకుతుందో, అభిరుచి అటు మళ్ళుతుంది. బుర్రకథకు పావుగంట, అందులోనూ మైకు కోత. సినిమా పాటకు మూడుగంటలు. ఇట్లా ఏళ్ళతరబడి నడిపి, “చూశారా, బుర్రకథ ఎవరూ వినడంలేదు” అంటే, మనిషికి అన్నం మాన్పించి వాడు చిక్కిపోయాడని వెక్కిరించినట్లుంటుంది.

రెండో అభ్యంతరం: “ఉత్సవాలవల్ల పర్యాటకులు వస్తారు, ఊరికి డబ్బు వస్తుంది.” వస్తుంది. రావాలి కూడా. కోనసీమనుంచి కువైట్‌కూ, మస్కట్‌కూ పనికి పోయే ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ చూస్తున్న నేను డబ్బు అక్కరలేదని అనను. కాని ఏ చేతికి వస్తుంది? పందిరివాడికి, దీపాలవాడికి, మైకువాడికి, వ్యాఖ్యాతకు బేరం ముందే కుదురుతుంది. కళాకారుడికి మాత్రం ‘గౌరవం’ అనే పేరు పెట్టి ఒక కవరు ఇస్తారు. ఎంత ఉన్నదో ఇంటికిపోయి చూసుకోవాలి. శ్రమకు కూలి ఉంటుంది, కళకు సత్కారం ఉంటుంది అనే ఈ పెద్దమనిషి తర్కం మన భూస్వామ్య సంస్కృతి వదిలిపోయిన కుళ్ళు. సత్కారం ఇచ్చేవాడి దయ. కూలి పుచ్చుకునేవాడి హక్కు. శాలువాతో బియ్యం రావు.

మూడో అభ్యంతరం తెలివైనవాళ్ళది: “కాలం చెల్లిన కళలు పోతాయి. వాటిని పట్టుకు వేలాడడం అభ్యుదయమా?” దీన్ని నేను గౌరవిస్తాను. పాతదయినంత మాత్రాన దేన్నీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు. కాని కళ ఎట్లా బతుకుతుందో మన చరిత్రే చెబుతున్నది. బుర్రకథ పుట్టుకలో జంగం కథ. ఇంటింటా కథ చెప్పి బిచ్చమెత్తుకునేవాళ్ళ కళ. దాన్ని 1940ల్లో ప్రజానాట్యమండలివారు చేతపట్టి, దానిలో ఆనాటి కరవునూ, ఆనాటి రైతునూ, ఆనాటి పోరాటాన్నీ నింపారు. షేక్ నాజర్ వంటి మహాకళాకారుడు దానికి గొంతు ఇచ్చాడు. చనిపోతున్నదనుకున్న కళ వేలమందిని రాత్రంతా కూర్చోబెట్టింది. కళకు కాలం చెల్లడం దాని రూపంవల్ల కాదు, అది నేటి మనిషిని గురించి మాట్లాడడం మానేయడంవల్ల. నేటి విషయాన్ని ఇవ్వనిదీ మనమే, చచ్చిపోయిందని నిర్ణయించేదీ మనమే!

నాలుగో అభ్యంతరం: “వారంరోజులు జనం సుఖంగా ఉంటే మీకెందుకు కడుపుమంట?” సుఖాన్ని ఎవరు కాదన్నారు? అయితే సంక్రాంతి సుఖం పేరుతో గోదావరి జిల్లాల్లో ఏమి జరుగుతున్నదో అందరికీ తెలుసు. కోర్టు వద్దన్నా, చట్టం వద్దన్నా కోడిపందాల బరులు వెలుస్తూనే ఉంటవి. బరి పక్కన గుండాట. రాత్రికి రికార్డింగు డాన్సు. మూడురోజుల్లో కౌలురైతు చేతి డబ్బు జేబుదాటి ఎటు పోతుందో చెప్పనక్కరలేదు. వీటికంటె పడవ పందాలు వెయ్యిరెట్లు మేలు. ఆ మేలు చేసినవాళ్ళను నేను మెచ్చుకుంటాను. కాని జూదానికి బదులు ఆట ఇచ్చాము, ఇక పని అయిపోయిందనుకుంటే కుదరదు. కండకు పని కల్పించినంతమాత్రాన మనసుకు మేత దొరకదు.

పడవ పందాలను చూసినప్పుడు చాలామంది కేరళను తలుచుకున్నారు. తలుచుకోవలసిందే. అలెప్పీ దగ్గర పున్నమడ సరస్సులో నెహ్రూ ట్రోఫీ పందెం 1952లో నెహ్రూ అక్కడికి వచ్చిన సందర్భంగా పుట్టింది. అక్కడి పాముపడవ చాలాచోట్ల ఊరి ఉమ్మడి ఆస్తి. ఊరివాళ్ళు చందాలు వేసుకుని కట్టించుకుంటారు. తెడ్డు వేసేవాళ్ళకు వంచిప్పాట్టు అనే పడవ పాట ఉన్నది. పాట లేకుండా తెడ్డు లేవదు. మనం పడవను అరువు తెచ్చుకున్నాము, పాటను తెచ్చుకోలేదు. తెచ్చుకోవలసిన అవసరమూ లేదు. గోదావరిమీద సరంగులు పాడుకున్న పాటలు, లంకల్లో కోతలకు పోయేవాళ్ళు పాడుకున్న పాటలు మనకు లేవా? రాజమహేంద్రవరం దగ్గర నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి, జానపద గేయాలు ఏరి, ‘మిన్నేరు’ వంటి సంకలనాలు చేసి పెట్టలేదా? ఆ పాటలు మా కాలేజీ గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నవి. పడవలు కాలువలో ఉన్నవి. ఈ రెంటికీ మధ్య దూరం ఎంత? ఒక నెలరోజుల అభ్యాసం! ఆ నెలరోజులు ఖర్చుపెట్టే ఓపిక మన వారోత్సవాలకు లేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ పేరు ట్రోఫీకి పెట్టడం న్యాయమే. ఎండలో రాళ్ళు మోసి ఆ ఆనకట్ట కట్టిన కూలీలను గురించి ఒక పాట పాడడం కూడా న్యాయమే. మొదటి న్యాయానికి బంగారు కప్పు కావాలి. రెండో న్యాయానికి ఒక కవి చాలు. కవి దొరకలేదు!

కేరళనుంచి నేర్చుకోదలిస్తే పడవను మించిన పాఠం మరొకటి ఉన్నది. అక్కడి ప్రభుత్వం 1957 నుంచి పాఠశాల కలోత్సవం నడుపుతున్నది. 63వ కలోత్సవం 2025 జనవరి 4 నుంచి 8 వరకు తిరువనంతపురంలో జరిగింది. మా కాలువమీద పడవలు పరుగెత్తడానికి కొద్దిరోజుల ముందేనన్నమాట. అదికూడా నగరాన్ని ముంచెత్తే కళల పండగే. కాని అది ఆ నగరంలో పుట్టదు. బళ్ళో మొదలై, ఉపజిల్లాకు, అక్కడినుంచి జిల్లాకు, ఆఖరుకు రాష్ట్రానికి చేరుతుంది. ఆ అయిదురోజుల వెనక లక్షలమంది పిల్లల కొన్ని నెలల అభ్యాసం ఉంటుంది. ఆ సంవత్సరమే గిరిజనుల కళారూపాలు అయిదింటిని పోటీల్లో చేర్చారు. పణియ నృత్యం, ఇరుళ నృత్యం వంటివి బళ్ళో పిల్లలు నేర్చుకుని వేదిక ఎక్కారు. ఆ కలోత్సవానికి జబ్బులు లేవనను. డబ్బున్న తల్లిదండ్రుల ఆర్భాటం, మార్కులకోసం కోర్టుకెక్కడం, అన్నీ ఉన్నవి. అయినా ఎనిమిదోనాటి ప్రశ్నకు వాళ్ళదగ్గర జవాబు ఉన్నది. పిల్లవాడి ఒంట్లో ఆట మిగిలింది, గొంతులో పాట మిగిలింది.

మనకు ఇటువంటి సంప్రదాయం లేదా? ఉన్నది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు తన విద్యార్థులచేతనే నాటకం ఆడించారు. వినోదం పంచడానికి కాదు, ఆనాటి ప్లీడర్ల మోసాలను బజారున పెట్టడానికి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ తరవాత కోస్తా జిల్లాల్లో ఊరూరా పరిషత్తులు లేచి, వారంరోజులు నాటకాల పోటీలు నడిపినవి. అప్పుడు వేదికమీద ఉన్నవాడు తాలూకా ఆఫీసు గుమాస్తా, బడి పంతులు, రైస్‌మిల్లు కార్మికుడు. కిందనున్నవాడు వాడి పొరుగువాడు. చూసేవాడికీ ఆడేవాడికీ మధ్య తీగకంచె లేదు. 1943లో వచ్చిన ప్రజానాట్యమండలి ఆ కంచెను పూర్తిగా పీకివేసింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ని అనేక దళాలు పల్లెపల్లెకూ తీసుకుపోయినవి. ప్రభుత్వం భయపడి నిషేధించింది. తెల్లదొరలు 1876లో చేసిన నాటక ప్రదర్శనల చట్టం మన కాలందాకా పుస్తకాల్లో ఉన్నది. పార్లమెంటు దాన్ని రద్దుచేసినది 2018 ప్రాంతంలో.

ఆ చట్టం రద్దయిందని సంతోషించవలసినదే. నాకు మాత్రం ఒక చేదు అనుమానం కలిగింది. నాటకాన్ని చూసి భయపడవలసిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది కనుకనే అది రద్దయిందేమో! నిషేధించనక్కరలేదు. పావుగంట ఇచ్చి, శాలువా కప్పి, మైకు ఆపితే చాలు.

ఇందులో మన తప్పు లేదా? నేను ఇంతవరకూ వారోత్సవాలవాళ్ళను తిట్టాను. ఇప్పుడు మనలను మనం తిట్టుకోవలసిన వంతు వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి పల్లె నడివీధిలో పెట్రోమాక్సు వెలుగులో మనం ఖాళీచేసి వచ్చిన స్థలాన్నే ఇతరులు ఆక్రమించారు. మనం ఏంచేస్తున్నాము? పట్నంలో గ్రంథాలయం హాలులో అరవైమందిమి కూర్చుని, ఒకరి పుస్తకాన్ని మరొకరం ఆవిష్కరించుకుంటున్నాము. ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటున్నాము. ప్రజా సంస్కృతి అనే మాట వ్యాసంలో వాడని రోజు లేదు. ప్రజలు పాడుకోదగిన పాట రాసిన సంవత్సరం లేదు. నాకు పోస్టుగ్రాడ్యుయేటు పట్టా ఉన్నది. ప్రబంధంలోని అష్టాదశ వర్ణనలు అప్పజెప్పగలను. ఒక బుర్రకథకు కావలసిన రగడలో నాలుగు చరణాలు రాయమంటే నా కలం ఆగిపోయింది. ఆ వృద్ధుడు సంవత్సరాల కిందట నన్ను అడిగాడు: “మేష్టారూ, ఎప్పుడూ సీతారామరాజేనా? ఇప్పటి కథ ఒకటి రాసిపెట్టండి.” నేను రాయలేదు. నిర్వాహకులు ఆయన మైకు ఆపారు. నేను ఆయనకు కథే ఇవ్వలేదు. ఎవరి నేరం పెద్దది?

ఇదంతా ఎందుకింత గట్టిగా అడుగుతున్నానో ఇప్పుడు చెబుతాను. 2022 మే 24న మా కోనసీమలో ఏమి జరిగిందో లోకానికి తెలుసు. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టాలన్నందుకు అమలాపురం వీధుల్లో బస్సులు తగలబడినవి. ఒక మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుని ఇంటికీ నిప్పు పెట్టారు. ఆ రాళ్ళు పట్టిన చేతుల్లో చాలా భాగం కాలేజీ వయస్సు కుర్రవాళ్ళవి. నావంటి పంతుళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళే. పద్యాలకు ప్రతిపదార్థాలు వల్లించినవాళ్ళే. పేరు పెట్టారు, జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. కాని ఆ నిప్పుకు కారణమయిన మంట మనసుల్లో ఆరిందా? పోలీసులు వీధిని శాంతపరచగలరు, మనసును మార్చలేరు. ఆ పని చేయగలిగినది, ఒక పేటవాడు మరొక పేటవాడి పక్కన నేలమీద కూర్చుని, ఒకే కథకు కలిసి ఏడ్చి, ఒకే మాటకు కలిసి నవ్వే చోటు. నాటకం అటువంటి చోటు. బుర్రకథ అటువంటి చోటు. ఆ తరవాత మా ప్రాంతంలో ఎన్ని ఉత్సవాలు జరగలేదు! వాటిలో నేను చూసిన ఏ వేదికమీదా ఆ మే నెల సాయంకాలాన్ని గురించి ఒక్క నాటిక చూడలేదు, ఒక్క పాట వినలేదు. గాయంమీద రంగుకాగితం అంటించి పండగ అంటున్నాము.

కేవలం చూసే గుంపుగా ప్రజలను మార్చడంలో మరొక ప్రమాదం కూడా ఉన్నది. 2015 జూలై 14న పుష్కరాల మొదటినాడు రాజమహేంద్రవరంలో ఒక్క ఘట్టంలో జరిగిన తొక్కిసలాటలో 27 మందికి తగ్గకుండా చనిపోయారు. ఆ చావులకు నేను వారోత్సవాలను బాధ్యులను చేయడంలేదు. కాని జనాన్ని మనుషులుగా కాక అంకెగా చూడడం, ఎంత ఎక్కువమంది వస్తే అంత ఘనత అనుకోవడం ఎంతదాకా పోతుందో ఆ ఉదయం చూపింది. గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో. అప్పుడూ సాంస్కృతిక కార్యక్రమాలు ఉంటవి. వాటినయినా వేరుగా చేయగలమా?

చేయవచ్చునంటాను. నా సూచనలు నాలుగే.

ఒకటి: వారోత్సవం వారంరోజులది కాకూడదు, మూడునెలలది కావాలి. ఖర్చులో సగమయినా ముందు మూడునెలల్లో కావాలి. గరగలు, డప్పు, బుర్రకథ, హరికథ, పద్యనాటకం తెలిసినవాళ్ళను జీతమిచ్చి హైస్కూళ్ళకు పంపాలి. వారోత్సవంలో ఎక్కేది ఆ పిల్లలూ వాళ్ళ గురువులూ కలిసి తయారుచేసినది కావాలి.

రెండు: కళాకారుడికి పూర్తి సమయం, ముందుగా చెప్పిన కూలి. ఎవరికెంతో నోటీసుబోర్డుమీద ఉండాలి. అతిథి ఆలస్యంగా వస్తే అతిథే వెనకవరసలో కూర్చోవాలి. డప్పు వేదిక ఎక్కాలి.

మూడు: ప్రతి ఉత్సవంలో ఆ ఊరి నేటి జీవితాన్ని గురించిన ఒక కొత్త రచన తప్పనిసరి. కొబ్బరి ధర, చేపల చెరువుల నీరు, గల్ఫుకు పోయిన తల్లి, రేకులు తీసే చేతులు, అమలాపురం నిప్పు. విషయాలకు కరవులేదు.

నాలుగు: ఎనిమిదోనాడు లెక్క చెప్పాలి. డబ్బు లెక్క ఒకటి, మిగిలినదాని లెక్క ఒకటి. ఎందరు నేర్చుకున్నారు, ఏమి రాశారు, ఏ దళం కొత్తగా పుట్టింది అన్నది పంచాయతీ ఆఫీసు గోడమీద అంటించాలి.

ఈ నాలుగు సూచనలూ నిర్వాహకులకు చేసినవి. ఇక రచయితల పని. సభ్యుడు ఒక్కొక్కడు ఏడాదికి ఒక్క ప్రదర్శన రచన, ఒక దళానికో ఒక బడికో రాసి ఇవ్వాలి. అచ్చు వేయడానికి కాదు, ఆడడానికి. ఆడినవాళ్ళు బాగులేదంటే దిద్దాలి. పల్లె ముందు దిద్దించుకోవడానికి సిగ్గుపడేవాడు ప్రజల రచయిత అనే బిరుదును ఇంట్లో పెట్టి తాళం వేసుకోవచ్చు.

నేను మొదలుపెట్టాను. గొప్ప పని చేశానని చెప్పడంలేదు. ఆలస్యంగా, తడబడుతూ మొదలుపెట్టాను. మా విద్యార్థిని వాళ్ళమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆమె చెప్పిన మాటలు రాసుకున్నది. నేను వాటిని రగడలోకి ఎక్కించబోయాను. మొదటి ప్రతి ఆ వృద్ధ కథకుడికి వినిపిస్తే, “పద్యంలాగుంది మేష్టారూ. నోరు తిరగడం లేదు. మళ్ళీ రాయండి” అన్నాడు. రెండోసారి రాశాను. “ఇది ఫర్వాలేదు. కాని ఆవిడ కోపం ఏదండీ ఇందులో?” అన్నాడు. మూడోసారి రాస్తున్నాను.

ఆ కథ ఏ వారోత్సవంలో ఎక్కుతుందో, అసలు ఎక్కనిస్తారో లేదో నాకు తెలియదు. ఎక్కనివ్వకపోతే కాలువగట్టు ఉన్నది, వీధిఅరుగు ఉన్నది. పండగ సందడి సద్దుమణిగి, ఆర్డర్లు తగ్గి, ఆమె పొయ్యి దగ్గరనుంచి లేచి రాగలిగిన రోజునే ఆ కథ చెప్పిస్తాము. అది ఎనిమిదోనాడయినా సరే.